మొదటి సెలైను ఎక్కకముందే

ఇంటి ఆడపిల్లకు కేన్సరు గడ్డ అని తేలిన దినమున ఆ ఇంట ఎవరికీ అన్నము సహించదు. పెద్దాసుపత్రిలో ఇచ్చిన కాగితము చేతపట్టుకొని తండ్రి అరుగు మీద కూర్చుంటాడు. తల్లి పొయ్యి దగ్గర నుండి లేవదు. సంగతి తెలిసి సంఘస్థులు వస్తారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. వచ్చిన ప్రతివారూ ఒక్క మాటే అంటారు: "పిల్ల బ్రతికితే చాలు."

ఆ మాటలో తప్పు లేదు. అయితే ప్రియ పాఠకులారా, 22, 25, 30 సంవత్సరముల వయస్సులో ఉన్న స్త్రీకి ఈ వ్యాధి వచ్చినప్పుడు, అదే వారములో అడగవలసిన మరొక ప్రశ్న ఉన్నది. "ఈ మందులు ఎక్కిన తరువాత నాకు బిడ్డలు కలుగుతారా?" అనేదే ఆ ప్రశ్న. తండ్రి ఎదుట, అన్న ఎదుట, అత్తగారి ఎదుట ఆ అమ్మాయి ఈ మాట అడగలేదు. డాక్టరుగారికి రోగుల వరుస పొడవు. కనుక చాలాసార్లు ఆ ప్రశ్న ఎవరి నోటా రాదు. ఆరు నెలలు మందులు ఎక్కుతాయి, జుట్టు ఊడి మళ్ళీ వస్తుంది, రోగము నిమ్మళిస్తుంది, అందరూ దేవునికి స్తోత్రము చెల్లిస్తారు. ఆ తరువాత రెండేండ్లకో మూడేండ్లకో, నెలసరి తిరిగి రాలేదనీ ఇక రాదనీ తెలుస్తుంది. అప్పుడు అడిగితే చేయగలిగినది చాలా తక్కువ. మొదటి సెలైను ఎక్కకముందు అడిగి ఉంటే చేయగలిగినది కొంత ఉన్నది. ఈ వ్యాసము ఆ కొంతను గూర్చినదే.

గాదెలోని ధాన్యము

మగవాని శరీరములో బీజకణములు యౌవనము నుండి ముసలితనము వరకు నిత్యము కొత్తగా తయారవుతూనే ఉంటాయి. స్త్రీ సంగతి వేరు. ఆడశిశువు తల్లి గర్భములో ఐదవ నెలలో ఉండగానే ఆమె అండాశయములలో 60, 70 లక్షల అండములు ఉంటాయి. అక్కడి నుండి తరుగుదలే గాని పెరుగుదల లేదు. పుట్టేనాటికి 10 నుండి 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు. వీటిలో నెలనెలా పక్వమై విడుదలయ్యేవి జీవితకాలమంతటిలో 400, 500 మాత్రమే. మిగిలినవి వాటంతట అవే కరిగిపోతాయి. నిండుగా పోసిన గాదె వంటిది స్త్రీ అండాశయము. తీసి వాడుకున్నా వాడకపోయినా గింజ తగ్గుతూనే ఉంటుంది, మళ్ళీ పోసేది లేదు. ముట్లుడిగేనాటికి మిగిలేది వెయ్యి లేక అంతకు తక్కువ.

సంఖ్య ఒక్కటే తగ్గదు. 35 సంవత్సరములు దాటిన తరువాత మిగిలిన అండములలో లోపమున్నవి ఎక్కువవుతాయి. గర్భము నిలవకపోవడము, నిలిచినది జారిపోవడము ఆ వయస్సులో పెరిగేది చాలావరకు ఇందువలననే. గర్భసంచి మాత్రము అండమంత త్వరగా ముసలిది కాదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏండ్లు దాటిన ఒక తల్లి కవలలను కన్నదన్న వార్త మీలో చాలామంది చదివే ఉంటారు. అది చూచి "70లో కూడ పుడతారట, మనకేమి తొందర" అనుకొన్నవారు ఉన్నారు. ఆ కవలలకు మూలమైన అండము ఆమెది కాదు, వేరొక స్త్రీ దానము చేసినది. ఆమె సొంత అండములు ఏనాడో అయిపోయినవి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది దంపతులు వ్యర్థమైన ఆశతో ఊరూరా తిరుగుతున్నారు. ఇప్పుడు దానము చేసిన అండముతో కూడ ఆ వయస్సులో ఇది కుదరదు, ఆ చట్టము సంగతి ముందు చెప్తాను.

ఇక కేన్సరు మందు. శరీరములో వేగముగా పెరిగే కణములను చంపడము దాని పని. గడ్డతోపాటు జుట్టు మొదళ్ళు, నోటి పొర, రక్తకణములు కూడ అందుకే దెబ్బతింటాయి. జుట్టు మళ్ళీ మొలుస్తుంది. అండము మళ్ళీ మొలవదు. అన్ని మందులూ ఒకే తీరుగా హాని చేయవు. రొమ్ము కేన్సరుకూ మరికొన్నిటికీ వాడే సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు అండాశయమునకు మిక్కిలి కఠినమైనవి. పొత్తికడుపుకు కరెంటు పెట్టినప్పుడు కొద్ది మోతాదుకే అండములు నశిస్తాయి. ఎముక మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే మందులతో చాలామందికి నెలసరి శాశ్వతముగా నిలిచిపోతుంది. వయస్సు కూడ లెక్కలోకి వస్తుంది. 25 ఏండ్ల అమ్మాయి గాదెలో నిలువ ఎక్కువ గనుక మందు కొంత నష్టము చేసినా కొంత మిగలవచ్చును. 40 ఏండ్ల స్త్రీకి అంత మిగలదు. ఒక హెచ్చరిక: వైద్యము తరువాత నెలసరి తిరిగి వచ్చినంత మాత్రమున గాదె నిండుగా ఉన్నదని కాదు. అనుకొన్న దానికంటె చాలా ముందే ముట్లుడగవచ్చును.

పశువుల డాక్టరు గారి పొగల కేను

అండములను ముందుగా తీసి చల్లదనములో దాచి, వ్యాధి నయమైన తరువాత వాడుకొనే పద్ధతి ఇప్పుడు ఉన్నది. "మనిషి గుడ్డును ఫ్రిజ్జులో పెట్టడమా!" అని ఆశ్చర్యపడనక్కరలేదు. మన పల్లెలలో ఆవుకు, గేదెకు సూది వేయించడానికి పశువుల ఆసుపత్రికి తోలుకొని వెళ్ళిన ప్రతి రైతూ ఈ విద్యను చూచినవాడే. మూత తీయగానే తెల్లని పొగలు కక్కే ఆ కేనులో ఉండేది ద్రవ నైట్రోజను. దాని చల్లదనము సున్నాకు దిగువ 196 డిగ్రీలు. ఆబోతు వీర్యము సన్నని గొట్టములలో ఆ చలిలో సంవత్సరముల తరబడి చెడకుండా ఉంటుంది. 1949లో ఇంగ్లండులో శాస్త్రజ్ఞులు గ్లిజరిను కలిపితే వీర్యకణములు గడ్డకట్టినా చావవని కనుగొన్నారు. అప్పటి నుండి పశువులకూ, కొద్ది కాలములోనే మనుష్యులకూ ఆ పద్ధతి వచ్చింది.

స్త్రీ అండము మాత్రము అంత సులువుగా లొంగలేదు. మన శరీరములోని కణములలో అది మిక్కిలి పెద్దది, మిల్లీమీటరులో పదవ వంతు ఉంటుంది. లోపల ఎక్కువగా నీరు. టమాటాను డీప్ ఫ్రిజ్జులో పెట్టి మరునాడు తీసి చూడండి, చేతిలో ముద్దయిపోతుంది. లోపలి నీరు మంచు పలుకులై గోడలను చీల్చివేస్తుంది. అండమునకూ అదే గతి పట్టేది. 1986లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ చెన్ అనే వైద్యుడు దాచిన అండముతో మొదటిసారి గర్భము నిలిపి కవలలను పుట్టించినా, చాలా సంవత్సరములు ఎక్కువ అండములు కరిగించేటప్పుడే చచ్చిపోయేవి. తరువాత వచ్చినది అతివేగ పద్ధతి. అండములోని నీటిని ముందు తగ్గించి, రక్షణ ద్రవములు ఎక్కించి, రెప్పపాటులో నైట్రోజనులో ముంచితే మంచు పలుకులు కట్టే వ్యవధి ఉండదు, లోపల అంతా గాజువలె బిగిసిపోతుంది. ఆ విధముగా దాచిన అండములలో మంచి ప్రయోగశాలలో నూటికి 80, 90 వరకు తిరిగి బ్రతుకుతున్నాయి. 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘము ఇది ఇక ప్రయోగము కాదని ప్రకటించింది.

చల్లదనములో దాచే ఈ విద్యలో మన దేశపు వైద్యుడొకరు చాలా ముందే నడిచాడు, ఆ సంగతి చెప్పకుండా ముందుకు పోవడము న్యాయము కాదు. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ అనే మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టింది. 70 రోజులకే, అక్టోబరు 3న, కలకత్తాలో రెండవ బిడ్డ పుట్టింది. ఆ పని చేసిన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పిండమును చల్లదనములో కొన్ని వారములు దాచి, తరువాత తల్లి గర్భములో ప్రవేశపెట్టానని చెప్పాడు. ప్రపంచములో అప్పటికి ఎవరూ ఆ మాట చెప్పలేదు. ప్రభుత్వము విచారణ సంఘమును వేసింది. ఆ సంఘము ఆయనను నమ్మలేదు, అవమానించింది. విదేశములో తన పనిని వివరించడానికి ఆయనకు అనుమతి దొరకలేదు. చివరకు ఆయనను కంటి వైద్యశాలకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసికొన్నాడు. 1986లో బొంబాయిలో పుట్టిన శిశువునే చాలాకాలము దేశములో మొదటిదిగా లెక్కించారు. ఆ శిశువు పుట్టుకకు తోడ్పడిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్‌కుమార్, 1997లో ముఖోపాధ్యాయ వ్రాతప్రతులను చదివి, మొదటి గౌరవము తనది కాదనీ ఆయనదేననీ తానే లోకమునకు చెప్పాడు. తనకు దక్కిన పేరును లేచి మరొకరికి అప్పగించినవారు ఏ రంగములోనైనా ఎందరు ఉంటారు?

రెండు వారముల పని

ఈ వైద్యము ఎలా జరుగుతుందో తెలిస్తే సగము భయము పోతుంది. మామూలుగా నెలకు ఒక అండమే పక్వమవుతుంది. పది పన్నెండు రోజులు ప్రతిదినము హార్మోను సూదులు వేసి ఒకేసారి పది పదిహేను పక్వమయ్యేలా చేస్తారు. మధ్య మధ్య స్కానింగు చేసి చూస్తారు. చివరి సూది వేసిన సుమారు 36 గంటలకు మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ సన్నని సూదితో అండములను బయటకు లాగుతారు. కోత ఉండదు, కుట్లు ఉండవు. పని అరగంటలోపే ముగుస్తుంది. సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. సూదిని యోనిమార్గమున పంపుతారు గనుక పెళ్ళికాని పిల్ల తల్లిదండ్రులు సందేహిస్తారు. అవసరమైతే పొట్ట మీదుగా తీసే మార్గము కూడ ఉన్నది, మొహమాటపడక అడగవలెను.

ఇబ్బందులు లేవని చెప్పను. కడుపు ఉబ్బరము చాలామందికి ఉంటుంది. కొందరికి అండాశయములు మరీ వాచి కడుపులో నీరు చేరుతుంది, అరుదుగా ఆసుపత్రిలో చేర్చవలసినంత ప్రమాదము కావచ్చును. రక్తస్రావము, చీము పట్టడము అరుదు.

"రొమ్ము కేన్సరు హార్మోనుల మీద పెరుగుతుంది కదా, హార్మోను సూదులు వేస్తే గడ్డ పెరగదా?" అని తెలివైన తల్లి ఒకరు తప్పక అడుగుతారు. అందుకే లెట్రోజోల్ అనే మాత్రను ఆ సూదులతోపాటు ఇచ్చి రక్తములో ఈస్ట్రోజెన్ పెరగకుండా అణచి ఉంచుతారు. పూర్వము నెలసరి వచ్చేవరకు ఆగవలసి వచ్చేది. ఇప్పుడు నెలలో ఏ దినమైనా మొదలుపెట్టవచ్చును. కనుక మొత్తము పని రెండు వారములలో అయిపోతుంది. రొమ్ము కేన్సరులో శస్త్రచికిత్సకూ కీమోకూ మధ్య గాయము మానడానికి ఎలాగూ కొన్ని వారములు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే ఈ పని ఇమిడిపోతుంది. రక్త కేన్సరు వంటి వాటిలో రెండు దినములు కూడ ఆగడానికి లేకపోవచ్చును. అక్కడ కేన్సరు డాక్టరు మాటే చివరి మాట. బ్రతుకును పణముగా పెట్టి అండములు దాచమని ఎవరూ చెప్పరు, చెప్పరాదు.

వేరే మార్గములు కూడ ఉన్నాయి. పెళ్ళయిన స్త్రీ అయితే భర్త వీర్యముతో కలిపి పిండములుగా దాచవచ్చును. ఇంకా రజస్వల కాని చిన్నపిల్లలకు అండాశయపు ముక్కను తీసి దాచి, పెద్దయిన తరువాత తిరిగి అతికించే పద్ధతి ఉన్నది. ఇలా దాచిన ముక్కను తిరిగి పెట్టిన తరువాత మొదటి బిడ్డ 2004లో బెల్జియములో పుట్టింది. మన దేశములో ఇది కొద్ది చోట్ల మాత్రమే చేస్తారు. పొత్తికడుపుకు కరెంటు పెట్టవలసి వస్తే, అండాశయములను ఆ దారిలో నుండి పైకి జరిపి కుట్టే చిన్న శస్త్రచికిత్స ఉన్నది. కీమో జరిగినన్నాళ్ళు నెలకొకసారి ఒక సూది వేసి అండాశయమును నిద్రపుచ్చే మార్గము ఉన్నది. దాని రక్షణ కొంతవరకే గాని, రొమ్ము కేన్సరులో ఉపయోగమున్నదని తేలింది. మిగిలిన వాటికి అవకాశము లేనివారు దీనినైనా అడగవచ్చును.

మగపిల్లల మాట మరువవద్దు. కీమో వారి బీజములను కూడ నాశనము చేస్తుంది. యౌవనస్థుడైన కుమారునికి కేన్సరు వస్తే మొదటి సెలైనుకు ముందు వీర్యము దాచడము ఒక పూట పని, ఖర్చు కూడ ఎంతో తక్కువ. ఇంత తేలికైనది కూడ చేయించకపోవడానికి కారణము తండ్రికీ కొడుకుకూ మధ్య ఉన్న సిగ్గు తప్ప మరేమియు కాదు.

దాచిన ప్రతి అండమూ బిడ్డ కాదు

విత్తిన ప్రతి గింజా మొలవదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కరిగించినప్పుడు కొన్ని పోతాయి, ఫలదీకరణములో కొన్ని, పిండముగా పెరగడములో కొన్ని, గర్భసంచిలో నిలవడములో మరికొన్ని పోతాయి. 2017లో అమెరికా వైద్యులు ఒక లెక్క కట్టారు. 20 అండములు దాచిన స్త్రీకి ఒక్క బిడ్డయినా పుట్టే అవకాశము, దాచినప్పటి వయస్సు 34 అయితే నూటికి సుమారు 90, 37 అయితే 75, 42 అయితే 37 మాత్రమే. ఇది అంచనా, పూచీ కాదు. పైగా ఒక్కసారి సూదులకు 20 అండములు అందరికీ రావు. కేన్సరు రోగికి రెండవసారి ప్రయత్నించే వ్యవధి దొరకదు, ఎనిమిదో పదో చేతికి వస్తాయి. ఆ ఎనిమిదింటికీ విలువ ఉన్నది గాని, "దాచాము గనుక బిడ్డ ఖాయము" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కేన్సరు నయమైన తరువాత గర్భము ధరిస్తే వ్యాధి తిరగబెడుతుందేమోనని అత్తింటివారు, పుట్టింటివారు కూడ భయపడతారు. హార్మోను మాత్రలు ఐదేండ్లు, పదేండ్లు మింగవలసిన రొమ్ము కేన్సరు స్త్రీలు 500 మందికి పైగా, ఏడాదిన్నర నుండి రెండున్నర ఏండ్లు మాత్రలు వాడిన పిమ్మట వాటిని ఆపి గర్భము కొరకు ప్రయత్నించారు. 2023లో వెలువడిన ఆ పరిశీలనలో, మొదటి మూడేండ్లలో వారికి వ్యాధి తిరగబెట్టడము ఇతరుల కంటె ఎక్కువగా కనబడలేదు. ఇంకా ఎక్కువకాలము గమనించవలసి ఉన్నది. ఇది డాక్టరు పర్యవేక్షణలో చేయవలసిన పని, సొంతముగా మాత్రలు మానివేయడము కాదు.

కేన్సరు ఒక్కటే కారణము కాదు. అండాశయములో చాక్లెట్ గడ్డలు వచ్చి ఆపరేషను చెప్పినప్పుడు, ఆ కోతలో మంచి అండములు కూడ కొన్ని పోతాయి గనుక ముందే ఆలోచించమని డాక్టర్లు చెబుతున్నారు. తల్లికో అక్కకో 40 లోపే ముట్లుడిగిన ఇంటిలోని పిల్ల కూడ ఒకసారి పరీక్ష చేయించుకోవడము మేలు. ఏ.ఎం.హెచ్. అనే రక్తపరీక్ష, ఒక స్కానింగు ఉంటే గాదెలో నిలువ ఎంతో సుమారుగా తెలుస్తుంది.

ఇక్కడ మన తెలుగు పల్లెల సిగ్గుచేటు సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటా నూటికి 3.2 మంది ఉండగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశములో మనదే అగ్రస్థానము. తెల్లబట్ట అవుతున్నదని, నడుము నొప్పి అని, "ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేమి" అని 30 ఏండ్లకే తీయించి వేస్తున్నారు. గర్భసంచితోపాటు అండాశయములు కూడ తీస్తే ఎముకలకు, గుండెకు కలిగే నష్టము వేరే. ఒకే బిడ్డ ఉండి ఆ బిడ్డ పోయిన తల్లి ఎక్కడికి పోవలెను? గర్భసంచి తీయమన్న ప్రతిసారి రెండవ డాక్టరుకు చూపించండి, ప్రాణాపాయమైతే తప్ప ఒక్క వారము ఆలస్యము వలన ఏమీ కాదు.

బిడ్డలు లేని జంటలు అండములు దాచడము వరకు పోకముందు రెండు పరీక్షలు అడగవలెను. మొదటిది భర్త వీర్యపరీక్ష. సంతానము లేని జంటలలో దాదాపు సగముమందిలో మగవాని వైపు కూడ కారణము కనబడుతుంది, అయినా మన ఇండ్లలో ఆ పరీక్ష అన్నిటికంటె చివర వస్తుంది. రెండవది, గర్భనాళములకు క్షయ సోకిందేమో చూడడము. మన దేశములో నాళములు మూసుకొనిపోవడానికి అదొక ముఖ్య కారణము. దగ్గు ఉండదు, జ్వరము ఉండదు, నెలసరి మాత్రము తగ్గిపోవచ్చును. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితము.

హన్నా కన్నీళ్ళు, ఏలీ పొరపాటు

ఇది దేవుని చిత్తమునకు అడ్డుపోవడము కాదా అని కొందరు విశ్వాసులు అడుగుతున్నారు. షుగరుకు ఇన్సులిను సూది వేసికొనేవారిని ఆ ప్రశ్న మనము అడగము. లూకా వైద్యుడేనని బడిపిల్లలకు నేర్పుతాము. అయితే పిండముల విషయములో మనస్సాక్షికి నిజముగా ఒక చిక్కు ఉన్నది. ఐదారు పిండములు తయారుచేసి, ఒకటో రెండో వాడుకొని, మిగిలినవాటిని ఏమి చేయాలి? జీవము ఎప్పుడు ఆరంభమగునో అన్న దానిపై సంఘములన్నీ ఒక్క మాట మీద లేవు. ఆ భారము మోయలేమనుకొన్నవారికి అండములుగానే దాచడము కొంత తేలిక. అండము అండమే, దానిలో తండ్రి పాలు లేదు, అది శిశువు కాదు. కరిగించిన తరువాత కూడ ఎన్ని అవసరమో అన్నిటినే ఫలదీకరణము చేయమని దంపతులు ముందుగా చెప్పవచ్చును. మరొకరి అండము తీసికొనడము గూర్చి భార్యాభర్తలు ఏకాంతముగా ప్రార్థించి తేల్చుకోవలెను. దానిలో మూడవ మనిషి మాట వినవలసిన పని లేదు.

శారా, రాహేలు, హన్నా, ఎలీసబెతు వీరందరి కథలు మన ప్రసంగములలో తరచుగా వినబడతాయి, చివరకు బిడ్డ పుట్టినట్టుగానే వినబడతాయి. హన్నా కథలో పెనిన్నా దెప్పిపొడుపులు ఎన్ని సంవత్సరములు సాగాయో ఎవరూ ఎక్కువగా చెప్పరు. యాజకుడైన ఏలీ అంతటివాడు ఆమె పెదవులు కదలడము చూచి త్రాగి ఉన్నదనుకొన్నాడు. నేటికీ సంఘములో సాక్ష్యము చెప్పేవారు తెలియకయే "నమ్మకముంచితే తప్పక ఇస్తాడు" అంటారు, వెనుక చాప మీద కూర్చున్న స్త్రీ తన నమ్మకమే చాలలేదేమోనని తలవంచుకొంటుంది. సీమంతములకు, నామకరణములకు ఆమెను పిలువకుండ తప్పించేవారు మనలోనే ఉన్నారు. గొడ్రాలు అనే మాట పాత గ్రంథములలో ఉన్నది గనుక మన నోట ఉండనక్కరలేదు.

చట్టము, డబ్బు, మోసము

2021లో పార్లమెంటు సంతాన సాఫల్య కేంద్రములను అదుపుచేసే చట్టమును చేసింది. 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము ఈ సేవలు స్త్రీకి 21 నుండి 50 సంవత్సరముల లోపు, పురుషునికి 55 లోపు మాత్రమే. పెళ్ళికాని స్త్రీ కూడ తన కొరకు పొందవచ్చును. గుంటూరు వంటి సంగతి ఇప్పుడు చట్టము ఒప్పదు. అండదానము చేసే స్త్రీ 23 నుండి 35 లోపు ఉండవలెను, జీవితములో ఒక్కసారి మాత్రమే చేయవలెను. పేద స్త్రీలను మధ్యవర్తులు మళ్ళీ మళ్ళీ తీసికొనిపోయిన రోజులు ఉన్నవి గనుక ఈ నియమము వచ్చింది. ఆడో మగో ఎంచుకొనుట నేరము. ప్రతి కేంద్రమూ రిజిస్టరు కావలెను.

రిజిస్ట్రేషను కాగితము చూపించమని అడగడానికి వెనుకాడవద్దు. 2025 జూలైలో సికింద్రాబాదులో, అద్దెగర్భముతో పుట్టిన మీ బిడ్డ అని ఒక జంటకు శిశువును ఇచ్చి లక్షల రూపాయలు తీసికొన్న సంగతి బయటపడింది. డి.ఎన్.ఎ. పరీక్షలో ఆ శిశువుకూ వారికీ రక్తసంబంధము లేదని తేలింది. ఒక పేద జంట నుండి కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. గోడ నిండ శిశువుల ఫోటోలు, "నూటికి నూరుపాళ్ళు" అన్న బోర్డు కనబడితే, ఆ మెట్లు దిగి రావడమే మేలు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి పాత ఆసుపత్రులలో సంతాన వైద్యమునకు ప్రత్యేక విభాగము, కేన్సరు విభాగము ఒకే ఆవరణలో ఉన్నాయి. రైలు ఖర్చు అయినా ఒకరికొకరు మాట్లాడుకొనే డాక్టర్లు దొరుకుతారు.

ఖర్చు దాచి చెప్పను. సూదులు, తీయడము, దాచడము కలిపి ప్రైవేటులో లక్ష దాటుతుంది. ఆ పైన ఏటేటా నిలువ రుసుము, తరువాత కరిగించి పిండముగా చేసే ఖర్చు వేరే. కేన్సరు వైద్యమునకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్.టి.ఆర్. వైద్య సేవ ఆదుకొంటాయి గాని, ఈ ఖర్చు చాలామంది సొంతముగా పెట్టుకోవలసినదే. అరెకరము అమ్మి ఈ పని చేయించవలెనా? అమ్మమని నేను చెప్పలేను. పిల్ల వయస్సు, వాడబోయే మందు, వచ్చే అండముల అంచనా డాక్టరు చేత చెప్పించుకొని ఇంటివారు తేల్చుకోవలెను. ఆ అమ్మాయి ఎదుట కూర్చుని ఉండగా తేల్చుకోవలెను, ఆమె వెనుక కాదు. ఉద్యోగము చూచుకొని పెళ్ళి వాయిదా వేసే కొరకు అండములు దాచుకొనే పట్టణపు వాడుక కూడ వచ్చింది. 2014లో అమెరికాలో పెద్ద కంపెనీలు ఉద్యోగినులకు ఆ ఖర్చు ఇవ్వజూపాయి. హైదరాబాదులో ఉన్న మీ అమ్మాయి అడిగితే, పైన చెప్పిన వయస్సు లెక్కలే ఆమెకూ వర్తిస్తాయి.

దత్తత మార్గము మన వారికి మూసి ఉన్నదని ఇప్పటికీ అనుకొనేవారున్నారు. 1956 నాటి దత్తత చట్టము హిందువులకే. క్రైస్తవులు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, ఆ బిడ్డకు వారసత్వము వచ్చేది కాదు. బాలల న్యాయ చట్టముతో ఆ స్థితి మారింది. ఏ మతమువారైనా ఆ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది. ఇప్పుడు ప్రభుత్వ సంస్థ కారా ద్వారా దరఖాస్తు చేసికొన్న క్రైస్తవ దంపతులకు ఆ బిడ్డ సొంత బిడ్డే, ఆస్తిలో పూర్తి వారసుడు. ఆసుపత్రి కాగితములూ ఈ కాగితములూ ఒకేసారి నడిపినవారు చాలామంది ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

అండములు దాచేవారికి చివరగా ఒక ఫారము ఇస్తారు. అది సాధారణముగా ఇంగ్లీషులో ఉంటుంది, సంతకము చేసేముందు తెలుగులో చదివి చెప్పమని నర్సమ్మను అడగండి. రుసుము కట్టకపోతే ఏమి చేస్తారు, పిండముగా మారిస్తే పదేండ్ల గడువు, ఊరు మారితే అడ్రసు ఎలా తెలుపవలెను అన్నవి అందులో ఉంటాయి. దాచిన స్త్రీ మరణిస్తే వాటిని ఏమి చేయవలెనో కూడ ముందే వ్రాసి ఇమ్మని చట్టము చెబుతున్నది. ఆ గడి దగ్గర చాలామంది కలము ఆగిపోతుంది. ఆ సమయములో అమ్మాయి చేయి పట్టుకొని ప్రక్కన ఒకరు కూర్చోవలెను. ఫారము నకలు ఒకటి, రసీదులన్నీ, ఎన్ని అండములు ఏ తేదీన దాచారో వ్రాసిన కాగితము, కేన్సరు ఫైలుతో కలపకుండ వేరే సంచిలో పెట్టి, భూమి పట్టాలు పెట్టే పెట్టెలో ఉంచండి.